ఎలుక నడిచే దారిలోనే బుట్ట

ఈ నెల పాఠకులు పంపిన ప్రశ్నల్లో సగానికి పైగా ఎలుకల గురించే. సార్వా (ఖరీఫ్) చేలు పిలక వేసే రోజులు కదా! వాటితోపాటు కొండ అడవిలో చిన్న జంతువుల సర్వేకు వెళ్తున్న విద్యార్థుల ప్రశ్నలూ వచ్చాయి. చేలో ఎలుకను పట్టడానికీ అడవిలో ఎలుకను పట్టడానికీ కావలసిన తెలివి ఒకటే కాబట్టి అన్నిటినీ ఈ పేజీల్లోనే చేర్చాం.

ప్రశ్న: మూడెకరాల కౌలు చేలో 40 ఎలుక బుట్టలు (వెదురు బద్దతో కట్టే ఎలుక ఉచ్చులు) పెట్టించానండి. మొదటి రాత్రి ఆరు పడ్డాయి. తర్వాత మూడు రాత్రులూ ఒక్కటి పడలేదు. గట్ల మీద కలుగులు మాత్రం అలాగే ఉన్నాయి. ఎర మార్చమంటారా? (కౌలు రైతు, ఆచంట)

జవాబు: ఎర సంగతి తర్వాత. ముందు ఆ కలుగుల్లో ఎన్నిటిలో ఎలుక ఉందో తేల్చుకోండి. సాయంత్రం గట్ల వెంట తిరిగి ప్రతి కలుగు నోటినీ తడిమట్టితో మూసి, పక్కన ఒక పుల్ల గుచ్చండి. మర్నాడు పొద్దున్నే వాటిలో ఏవి తెరుచుకున్నాయో, ఏవి కొత్తమట్టి పోశాయో అవే ఎలుకలున్న కలుగులు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మన డెల్టా చేలల్లో ఎక్కువగా ఉండేది పొలం పందికొక్కు, శాస్త్రం పేరు బాండికోటా బెంగాలెన్సిస్. అది లోపలికి దూరాక తనే మట్టితో నోరు మూసుకుంటుంది. మూసుకుని ఉంది కదా అని ఆ కలుగును వదిలేస్తే అసలు దొంగను వదిలేసినట్టే. నోటి ముందు మట్టిని వేళ్లతో నలిపి చూడండి. కొత్తదైతే చిన్న చిన్న ఉండలుగా, చల్లగా, గట్టు మట్టికంటే ముదురు రంగులో ఉంటుంది. పాతదైతే వానకు అణిగి, ఎండకు తెల్లబడి ఉంటుంది.

ఇక బుట్ట పెట్టే చోటు. ఎలుక ఇష్టం వచ్చినట్టు తిరగదు. గట్టు వారనే, బోదె అంచునే, రోజూ ఒకే దారిన పోతుంది. ఆ దారి మూడు వేళ్ల వెడల్పు ఉంటే గొప్ప. గడ్డి రెండు పక్కలకూ ఒరిగి, మట్టి నున్నగా అరిగి ఉంటుంది. పొద్దు వాలే వేళ వంగి ఏటవాలుగా చూస్తే బాగా కనబడుతుంది. బుట్టను సరిగ్గా ఆ దారి మీదే, కలుగు నోటికి మూరెడు దూరంలో, నోరు దారికి ఎదురుగా ఉండేలా పెట్టాలి. రెండడుగులు పక్కకు పెట్టి, ఎలుకే వాసన పట్టి వస్తుందని ఆశపడితే లాభం లేదు. బుట్ట కింద మట్టిని చదును చేసి, రెండు పక్కలా పిడికెడు మట్టి ఎగదోయండి. ముందరి కాలు పెట్టగానే బుట్ట ఊగిందంటే ఎలుక రెండో కాలు పెట్టదు.

ఎకరాకు 20 బుట్టలు చాలు. కానీ వాటిని లెక్కగా సమంగా పంచనక్కర్లేదు. ఎలుకలున్న కలుగులు పది ఒకే గట్టు మీద ఉంటే పది బుట్టలూ ఆ గట్టు మీదే పెట్టండి. రెండు రాత్రులు ఖాళీగా ఉన్న బుట్టను మూడో రాత్రి అక్కడే ఉంచకండి. మీ విషయంలో జరిగింది బహుశా ఇదే. దారిలో ఉన్న ఆరు బుట్టలు మొదటి రాత్రే తమ పని చేశాయి, మిగతా 34 దారి తప్పి ఉన్నాయి.

ఎర దగ్గర ఒక్క విషయం మర్చిపోవద్దు. ఈ మధ్య అదే చేలో జింకు ఫాస్ఫైడు మందు నూకల్లో కలిపి పెట్టారా? కొంచెం తిని, వాంతి లేక, కడుపునొప్పితో బతికి బయటపడ్డ ఎలుక ఆ మందుతోపాటు ఆ నూక రుచిని కూడా గుర్తుపెట్టుకుంటుంది. అదే నూక బుట్టలో పెడితే వాసన చూసి వెళ్లిపోతుంది. అలాంటప్పుడు కాల్చిన కొబ్బరి ముక్క, ఎండు చేప, వేయించిన వేరుశనగ లాంటివి పెట్టండి. ఏ ఎరైనా సాయంత్రం పెట్టేముందు తాజాగా ఉండాలి. నిన్నటి ఎర బూజు పట్టిందంటే ఆ బుట్ట ఆ రాత్రికి లేనట్టే.

వెదురు బద్దను విల్లులా వంచి కట్టే బుట్టలైతే పగలు బద్దను దించి వదులుగా ఉంచాలి. పగలూ రాత్రీ వంచి ఉంచితే నాలుగు రోజుల్లో ఊపు చచ్చి, ఉరి బిగిసేలోపు ఎలుక జారిపోతుంది. వానకు తడిసి ఉబ్బిన ఉరితాడు కూడా ఇంతే.

ఇదంతా ఎప్పుడు చేయాలన్నదే అన్నిటికంటే ముఖ్యం. ఊడ్పులయ్యాక పిలకలు వేసే దశ నుంచి చిరుపొట్ట (లోపల వెన్ను పుట్టే దశ) లోపు. చిరుపొట్ట దాటాక చేనంతా వాటికి తిండే. ఎదురుగా అంత విందు పెట్టుకుని బుట్టలోని చిటికెడు నూక కోసం ఎందుకు వస్తాయి? పైగా చేను పొట్ట మీదకు వచ్చే వేళకే పొలం పందికొక్కు ఈనడం మొదలవుతుంది. మూడు వారాల చూలు, ఈతకు ఆరో ఎనిమిదో పిల్లలు. ముందు పట్టిన ఒక్క ఆడ ఎలుక కోతల ముందు పట్టిన పదింటితో సమానం.

ప్రశ్న: ఇంటి గాదె దగ్గర ఇనప బోను పెట్టాం. పొద్దున చూస్తే ఎర ఉండదు, తలుపు తెరిచే ఉంటుంది. కొన్నిసార్లు తలుపు పడి ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. (గృహిణి, పాలకొల్లు)

జవాబు: రెండూ వేరువేరు జబ్బులు. తలుపు పడకుండా ఎర పోతే అది చిట్టెలుకల పని, లేదంటే చీమల పని. చిట్టెలుక పది గ్రాముల జీవి. ఎర కొక్కేన్ని లాగేంత బరువు దానికి లేదు, అంచుల నుంచి కొరికి తినేస్తుంది. కొక్కేనికి వదులుగా గుచ్చిన కొబ్బరి ముక్కకు బదులు, ఎండు చేప తలను దారంతో కొక్కేనికి గట్టిగా చుట్టి కట్టండి, లాగక తప్పదు. కొక్కెం పైకొనను నూనె గుడ్డతో తుడిచి, కొద్దిగా మాత్రమే పట్టేలా సవరించండి. చీమలైతే బోను నాలుగు పక్కలా చీమల మందు చల్లొద్దు, ఆ వాసనకు ఎలుకా రాదు. బోనును నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక మీద పెట్టడం గాదె దగ్గర కుదురుతుంది.

తలుపు పడీ ఖాళీగా ఉంటే బోను జల్లి కన్నాలను కొలవండి. అరంగుళం కన్నులోంచి చిట్టెలుక సులువుగా దూరిపోతుంది. పావంగుళం కన్ను ఉన్న జల్లి తీగ వేయించుకోవాలి. తలుపు కింది అంచు నేలకు ఆనుతోందో లేదో కూడా చూడండి. వేలు పట్టేంత సందు ఉంటే పెద్ద ఎలుక కూడా ముక్కు దూర్చి ఎత్తుకుని పోతుంది.

ప్రశ్న: బోనులో మూతి పొడవుగా, కళ్లు మరీ చిన్నగా, భరించలేని వాసనతో ఒకటి పడింది. ఇది ఏ రకం ఎలుక? (ఇంటర్ విద్యార్థి, తణుకు)

జవాబు: అది ఎలుక కాదు, చుంచు. ఎలుకల్లా ఉలిలా కొరికే ముందరి పళ్లు దానికి ఉండవు. బొద్దింకలు, పురుగులు తిని బతుకుతుంది. గింజకు హాని చేయదు. వాసన దాని పక్కల్లో ఉండే గ్రంథుల నుంచి వస్తుంది. వెంటనే వదిలేయండి. చుంచు తిండి లేకుండా గంటలు గడపలేదు, మధ్యాహ్నం దాకా బోనులో ఉంచితే చచ్చిపోతుంది.

ప్రశ్న: మా ఆయకట్టులో 30 మంది రైతులం కలిసి ఏదైనా చేద్దామనుకుంటున్నాం. ఎవరి చేలో వాళ్లు పట్టుకుంటే పక్క చేలోవి వచ్చేస్తున్నాయి. (రైతు సంఘం, ఉండి మండలం)

జవాబు: మీరు సరైన చోట పట్టుకున్నారు. ఒక్కరు పట్టి ఖాళీ చేసిన గట్టును పక్క చేలోని ఎలుకలు రోజుల్లోనే ఆక్రమిస్తాయి. మీలాంటి గుంపుకు ఎరపంట కంచె పనికొస్తుంది. ఆయకట్టు మధ్యలో 10 నుంచి 15 సెంట్ల మడిని ఎంచుకుని అందరికంటే రెండు మూడు వారాలు ముందు ఊడ్చాలి. చుట్టుపక్కల అంతా ఇంకా పసి చేలు ఉన్నప్పుడు ఆ ఒక్క మడి ఏపుగా ఎదిగి పొట్టకు వస్తుంది. ఆ వాసనకు దూరం నుంచి కూడా ఎలుకలు కదిలి వస్తాయి. మడి చుట్టూ ప్లాస్టిక్ కంచె, కంచెకు కన్నాలు, ప్రతి కన్నం లోపలి వైపునా పెద్ద బోను. ఒకటి సరిగ్గా నడిస్తే చుట్టూ సుమారు 25 ఎకరాలకు ఆసరా.

కంచె నేల మీద రెండడుగుల ఎత్తు, మట్టిలోపల అరడుగు లోతు ఉండాలి. లోతు తగ్గితే పొలం పందికొక్కు కింద నుంచి తవ్వేస్తుంది. కర్రలు లోపలి వైపు పాతండి. బయట పాతితే అవే నిచ్చెనలు. కంచె వెలుపల జానెడు వెడల్పున నీళ్ల కాలువ తీసి, కన్నం ఎదురుగా మాత్రం మట్టి వంతెన వేయాలి. ఈదగలిగినా ఎలుక పొడి దారినే ఎంచుకుంటుంది. బోను మీద గడ్డి కప్పండి, లోపల పడ్డవి ఎండకు చావకూడదు. రోజూ పొద్దున కంచె చుట్టూ తిరిగి కొరికిన చోట టేపు అంటించే మనిషి ఒకరు తప్పనిసరి. ఈ పని వారంపాటు ఎవరూ చూడకపోతే పెట్టిన డబ్బంతా బూడిదే. ఒకే ఒక్క వేలంత చిల్లు చాలు, ఎలుకలన్నీ బోను మానేసి దాన్నే వాడతాయి.

డెల్టాలో చిక్కు నీటితో వస్తుంది. ధవళేశ్వరం నుంచి కాలువకు నీరు వదిలేదాకా ఆగితే మీ ఎరపంట ముందు ఊడ్చినట్టు కాదు. బోరు ఉన్నవాళ్ల మడిని ఎంచుకోండి. అదీ లేకపోతే రకంతో సర్దుకోవచ్చు. ఆయకట్టంతా స్వర్ణ వేస్తే అది సుమారు 150 రోజుల పంట. ఎరమడిలో 120 రోజుల ఎంటీయూ 1010 వేస్తే ఒకే రోజు ఊడ్చినా నెల ముందు పొట్టకు వస్తుంది. ఈ రెండు రకాలూ మారుటేరు పరిశోధనా స్థానానివే, మీకు విత్తనం కొత్త కాదు. గట్లను కూడా సన్నం చేసుకోండి. అడుగు వెడల్పుకు లోపు ఉన్న గట్టులో ఎలుక కలుగు తవ్వుకోలేదు. కాలువ గట్లూ మురుగు కాలువ గట్లూ మీ చేతిలో లేవు కాబట్టి, వేసవిలో నీళ్లు కట్టేసిన రోజుల్లో వాటి మీద అందరూ కలిసి ఒకేసారి బుట్టలు పెట్టండి. అప్పుడు చేలో తిండి లేక ఎలుకలన్నీ ఆ గట్ల మీదే తలదాచుకుంటాయి.

ప్రశ్న: ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాం. డిసెంబరులో మారేడుమిల్లి వైపు కొండ అడవిలో చిన్న క్షీరదాల సర్వే. 60 షెర్మన్ బోనులు ఉన్నాయి, మాలో ఎవరికీ అనుభవం లేదు. (విద్యార్థిని, రాజమహేంద్రవరం)

జవాబు: మొదట కాగితాలు. రాష్ట్ర అటవీ శాఖ అనుమతి, కాలేజీ జంతు నైతిక సంఘం ఆమోదం చేతిలో లేకుండా ఒక్క బోను కూడా తీయకండి. పాపికొండలు జాతీయ ఉద్యానం హద్దులోకి వెళ్లేదైతే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. ఇవి నెలల పని, డిసెంబరుకు ఇప్పుడే దరఖాస్తు చేయండి.

రెండోది, బయల్దేరే వారం ముందు 60 బోనులనూ ఇంటి దగ్గరే పరీక్షించండి. షెర్మన్ బోను మడిచి పెట్టుకునే అల్యూమినియం పెట్టె, మామూలు సైజు 8 × 9 × 23 సెంటీమీటర్లు. నేలమీద ఒక తొక్కుడు రేకు ఉంటుంది. దాని మీద బరువు పడగానే తలుపు మూసుకోవాలి. రేకు మీద పది గ్రాముల బరువు, అంటే రెండు ఐదు గ్రాముల తూకపు రాళ్లు పెట్టి చూడండి. తలుపు పడకపోతే రేకు చివర ఉన్న కొక్కేన్ని పట్టకారుతో వెంట్రుకవాసి వంచాలి. ఎక్కువ వంచితే గాలికే పడుతుంది. అడవిలో నూటికి తొంభై సార్లు చెడేది ఇక్కడే: ఎర పొడి, మట్టి రేకు కిందకు చేరి అది అణగదు. రోజూ ఉదయం బోనును తలకిందులు చేసి దులిపి, పాత పళ్లు తోమే బ్రష్షుతో రేకు కింద ఊడ్చండి.

ఎర రేకు మీద కాదు, రేకు వెనక, మూల గోడకు ఆనించి పెట్టాలి. వేయించిన వేరుశనగ పొడి, ఓట్స్, కొంచెం కొబ్బరి నూనె కలిపి గోళీ అంత ఉండ. చుంచులూ పడొచ్చు కాబట్టి చిన్న ఎండు చేప ముక్క తోడు వేయండి. డిసెంబరులో ఆ కొండల మీద రాత్రి చలి బాగా ఉంటుంది. సన్నటి అల్యూమినియం ఆ చలిని ఆపదు. ప్రతి బోనులోనూ పిడికెడు ఎండుగడ్డి, ఒక ముక్క దూది. దూది నీరు పీల్చనిదై ఉండాలి, మందుల షాపు దూది మంచుకు తడిసి ఇంకా చలి పుట్టిస్తుంది.

బోనులను 10 మీటర్ల ఎడంతో వరసలో పెట్టండి, వరసకు 15 చొప్పున నాలుగు వరసలు: ఒకటి వాగు వెంట, ఒకటి వెదురు పొదల్లో, ఒకటి రాళ్ల వాలులో, ఒకటి దట్టమైన చెట్ల కింద. 10 మీటర్ల గుర్తు దగ్గర తాడు పట్టుకున్నట్టు అక్కడే పెట్టేయకండి. రెండు మీటర్ల లోపల పడ్డ మొద్దు, రాతి సందు, వేరు గుంట ఏది ఉంటే దాని వారన పెట్టండి. చెట్టెక్కే పొడవు తోక ఎలుకల కోసం వెదురు పొదల్లో కొన్ని బోనులను ఛాతీ ఎత్తున కొమ్మకు గట్టిగా కట్టాలి. ప్రతి బోను నంబరూ నోటు పుస్తకంలో రాసి, పైకొమ్మకు రంగు రిబ్బను కట్టండి. పొద్దున మంచులో రిబ్బను లేని బోనును వెతకడం అంటే లోపలున్న జంతువుకు గంట శిక్ష.

మొదటి రెండు రాత్రులు తలుపు తెరిచే ఉండేలా కట్టి ఎర పెట్టండి. కొత్త వస్తువును అనుమానించడం ఎలుక నైజం. అలవాటు పడ్డాక మూడో రాత్రి నుంచి అసలు పట్టు. సూర్యాస్తమయానికి ముందు తెరిచి, వెలుగు రాగానే చూడాలి. రాత్రి 11 గంటలకు కూడా ఒకసారి చూడగలిగితే చుంచులు బతుకుతాయి. పగలు బోనులు మూసేయండి. కావాలని పగటి జీవులను చూడాలంటే, ఉదాహరణకు ఉడతలా కనిపించే చెట్టు చుంచు తూర్పు కనుమల్లో పగలే తిరుగుతుంది, నీడలో మాత్రమే ఉంచి రెండు గంటలకోసారి చూడండి. ఎండ తగిలిన అల్యూమినియం పెట్టె నిమిషాల్లో పొయ్యి అవుతుంది.

తలుపు మూసి ఉన్న బోనును ఎత్తేముందు కింద, వెనక చూడండి. ఎలుక వాసనకు పాములు వస్తాయి. గుడ్డ సంచిలోకి బోను నోరు దించి, సంచి నోరు బిగించి, తలుపు తెరిచి ఒక్క ఊపు ఊపండి. స్ప్రింగు త్రాసుతో సంచితో తూచి, తర్వాత ఖాళీ సంచి బరువు తీసేయాలి. సంచి పైనుంచే మెడ వెనక తోలు పట్టుకుని తల, ఒళ్లు కలిపి ఎంత, తోక ఎంత, వెనక పాదం గోరు వదిలి ఎంత, చెవి ఎంత కొలవండి. అరికాలి మెత్తలు లెక్కపెట్టండి. చాలా ఎలుకలకు వెనక అరికాలిలో ఆరు ఉంటాయి. మెత్తటి బొచ్చు ఎలుకకు నాలుగో ఐదో ఉంటాయి, దాన్ని గుర్తుపట్టడానికి అదే దగ్గరి దారి. మలద్వారానికీ మూత్రద్వారానికీ ఎడం ఎక్కువైతే మగది. పక్కన బొచ్చు చిన్న కత్తెరతో కత్తిరించి గుర్తు పెట్టండి. కాలి వేళ్లు కత్తిరించే పాత పద్ధతి వద్దు. మొత్తం మూడు నిమిషాల్లో అయిపోవాలి. పట్టిన బోను పక్కనే వదిలేయాలి, గుడారం దగ్గర కాదు. తెలియని చోట వదిలిన ఎలుక దాక్కునే కన్నం వెతుక్కునేలోపే ఏదో ఒకదానికి ఆహారమవుతుంది.

ప్రశ్న: పట్టిన ఎలుకలను బట్టి ఎన్ని ఉన్నాయో లెక్క కట్టడం ఎలా? (అదే బృందం)

జవాబు: ముందు పట్టు శాతం. బోనుల సంఖ్యను రాత్రులతో గుణిస్తే బోను రాత్రులు. 60 బోనులు 4 రాత్రులు అంటే 240. కానీ మూసుకున్న బోను ఆ రాత్రి మిగతా సేపు పనిచేయదు కదా. అందుకని జంతువు పడి మూసుకున్నవీ ఖాళీగా మూసుకున్నవీ కలిపి సగం తీసేయాలి. 18 పడ్డాయి, 22 ఖాళీగా మూసుకున్నాయి అనుకోండి. 40లో సగం 20, మిగిలింది 220. 18ని 220తో భాగిస్తే నూటికి 8.2. ఖాళీగా మూసుకున్నవి రాయకుండా వదిలేసే నోటు పుస్తకాలు ఎన్నో, అందుకే ఒకరి లెక్కకు మరొకరి లెక్క పొసగదు.

ఎన్ని ఉన్నాయో అంచనాకు గుర్తు పెట్టి మళ్లీ పట్టే పద్ధతి. మొదటి విడత 24కు గుర్తు పెట్టారు. రెండో విడత 20 పడితే అందులో 7 గుర్తువి. ఒకటి చొప్పున కలిపి 25ను 21తో గుణించి 8తో భాగించి ఒకటి తీసేస్తే సుమారు 65. రెండు విడతల మధ్య నాలుగైదు రోజులు మించకూడదు. ఈలోగా చావులు, పుట్టుకలు, వలసలు జరిగితే ఈ లెక్క నిలవదు.

ప్రశ్న: కొబ్బరి చెట్టు మొవ్వులో ఎలుకలు. లేత కాయలు రాలిపోతున్నాయి. చెట్టు మీద బోను పెట్టొచ్చా? (రైతు, అంబాజీపేట)

జవాబు: పెట్టొచ్చు, కానీ మట్టలు పక్క చెట్టు మట్టలకు తగులుతుంటే రోజూ కొత్త ఎలుక వస్తూనే ఉంటుంది. ముందు వాటిని విడదీయండి. మాను చుట్టూ నేల నుంచి ఆరడుగుల ఎత్తున అడుగున్నర వెడల్పు నున్నటి రేకు బిగించండి. అప్పుడు పైన మిగిలినవాటికి మట్ట మొదళ్ల దగ్గర బోను కట్టండి. ఎర కొబ్బరి కాదు, అక్కడ అదే తింటున్నాయి. ఎండు చేప పెట్టండి.

ప్రశ్న: ఎలుకలు పట్టే మా కూలీకి జ్వరం వచ్చింది. ఎలుక జ్వరమేమో అని భయంగా ఉంది. (రైతు, కొత్తపేట)

జవాబు: భయపడి కూర్చోకుండా ఈరోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఎలుకలు పట్టే పని చేస్తున్నాడని మొదటి మాటగానే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు జ్వరమని పంపేస్తారు. లెప్టోస్పైరోసిస్, అంటే మీరన్న ఎలుక జ్వరం, ఎలుక మూత్రం కలిసిన నీరు, బురద కాలి పుండు గుండా లోపలికి చేరి వస్తుంది. సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో బయటపడుతుంది. పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం చూడండి. స్క్రబ్ టైఫస్ అనే ఇంకో జ్వరమైతే గడ్డిలో ఉండే సన్నటి నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, మైటు) పిల్లల కాటు వల్ల వస్తుంది. చంకల్లో, గజ్జల్లో, నడుం పట్టీ కింద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో వెతకండి. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. రెండిటికీ మందులున్నాయి, ఆలస్యమే ప్రమాదం.

ఇక ముందు గమ్‌బూట్లు, మోచేతి దాకా రబ్బరు తొడుగులు కొనివ్వండి. కలుగులో చేయి పెట్టనివ్వకండి, ఎలుక కలుగుల్లో తాచు, రక్తపింజరి ఉంటాయి. ఎలుక కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు పారే నీటి కింద కడిగి ఆస్పత్రికి పంపండి. వాడిన బుట్టలను సబ్బునీళ్లతో కడిగి రోజంతా ఎండలో వేయాలి, నీడలో ఆరేసినవి పనికిరావు. పట్టిన ఎలుకలను బుట్టతోసహా కాలువలో ముంచి చంపడం మాన్పించండి. అది నిమిషాల తరబడి హింస, పైగా ఆ నీళ్లలోనే మనం కాళ్లు కడుగుతాం. ఒక్క దెబ్బతో చంపి, రెండడుగుల లోతు గుంటలో సున్నం చల్లి పూడ్చమనండి.